సమాధిశిలలును వంశాన్వేషణమును

తమ పూర్వులు మట్టిలో గలిసిన చోటెఱిగి యచ్చట నొక్కమాఱు నిలువవలెనను కోరిక మనుష్యజాతి యంతటికిని సామాన్యము. ఆ కోరికను దీర్చుకొను మార్గములు మాత్రము దేశాచారముల ననుసరించి వేఱువేఱుగా నున్నవి. మన శ్రాద్ధకర్మలందు గర్త తండ్రిని వసురూపునిగను, తాతను రుద్రరూపునిగను, ముత్తాత నాదిత్యరూపునిగను దలచి మూడుతరములవారి పేర్లను గోత్రముతో గూడ నుచ్చరించును. తల్లికిని, పితామహికిని, ప్రపితామహికిని, మాతామహాదులకును నట్లే తిలోదకము విడుచును. క్రొత్తతర మొకటి చేరినప్పు డన్నిటికి బైనున్నవాని పేరు తొలగిపోవును. గయకు బోయినవారు తమ పండాయొద్దనున్న బహీలలో గ్రామమును నింటిపేరును వెదకించి, యంతకు బై తరములవారి పేర్లను వ్రాసికొని వచ్చుటయు గలదు. ఇంతియ. దహనసంస్కారము గల కులములవారికి బూర్వుల యస్థికలు నదిలో గలిసినవి గాన, యిది మా ముత్తాత యున్న చోటని వ్రేలుపెట్టి చూపదగిన స్థలము లేదు.

హిందువులలో వీరశైవులు, సన్న్యాసులు, ఇంకను ననేక కులములవారు ఖననమే చేయుదురు. కాని సామాన్యగృహస్థునకు బేరు చెక్కిన శిలనెత్తు నాచారము వారిలో నరుదు. మన వీరగల్లులు శిలలే యైనను వాని క్రింద శరీరముండవలెనను నియమము లేదు. గోలకొండ సుల్తానుల సమాధులపై లేఖనములు గలవు. అవి రాజుల మాట. ఒక గుమాస్తాకు, ఒక సోల్జరుకు, ఏడాది నిండని పసిపాపకు గూడ బేరును, మృతిదినమును, వయస్సును జెక్కించి శిల పఱచు నలవాటు మన సముద్రతీరమున వ్యాపించినది ముఖ్యముగా నైరోపావర్తకుల వలననే.

ఆ వర్తకుల యొక్కయు సైనికుల యొక్కయు సంతతివారు నేడు దూరదేశములనుండి వచ్చి బందరు, భీమునిపట్టణము, పులికాటు, గుత్తి మొదలగు తావుల ముండ్లపొదలను దొలగించి తమ యింటిపేరు గల శిలకై వెదకుచున్నారు. వారి శ్రమ మనకు వింతగ దోచవచ్చును గాని, మన తీరచరిత్రమునకు దానివలన గలిగిన లాభము స్వల్పము గాదు. ఆ శిల వెదకువానికి నిజముగ నేమి చెప్పును, ఏమి చెప్పక దాచును, దాచినదానిని మఱి యెచ్చట జూడవలెను అనునదియే యిచ్చట విచారింపదలచిన విషయము.

డచ్చివారు బందరునకు 1605 లో వచ్చిరి. ఇంగ్లీషువారు 1611 లో వచ్చిరి. మనవారు ప్రళయకావేరి యని పిలుచు పులికాటున డచ్చివారు 1613 లో గెల్డ్రియా కోటను గట్టి, 1690 వఱకును దానినే చోళమండలతీరమునకంతకు దమ ముఖ్యస్థానముగ నుంచుకొని, పిదప నాగపట్టణమునకు మాఱిరి. భీమునిపట్టణము, పాలకొల్లు, కాకినాడయొద్ద జగన్నాథపురము వీనియందును వారి వర్తకశాల లుండెను. 1824 నాటి సంధివలన నీ స్థలములు మఱుసటి యేట నింగ్లీషువారి వశమయ్యెను. వర్తకశాలలు కూలినవి, గోదాముల యిటుకలు గ్రామస్థుల గోడలలో జేరినవి, సమాధులు మాత్రము మిగిలినవి. పులికాటు శ్మశానద్వారమున నిరుప్రక్కల స్తంభములవలె జెక్కిన రాతియస్థిపంజరములు లోనికి బోవువానిని నేటికిని జూచుచున్నవి. అందులకును బందరు డచ్చిసమాధులకును గేంద్రపురావస్తుశాఖవారి రక్షణము గలదు.

ఈ డచ్చిశిలలను జదువుట మన శాసనములను జదువుటకంటె గష్టము గాదు. పెక్కింటిపై నక్షరములు లోనికి ద్రవ్వక, చుట్టునున్న రాతిని దీసివేసి యుబ్బెత్తుగ నిలిపినవి. పైభాగమున వంశచిహ్నమైన డాలుండును. దాని క్రింద బ్రాయికముగా “హీర్ లెయిట్ బెగ్రావెన్” అని మొదలగును. ఇచ్చట నిక్షిప్తుడై యున్నాడని యర్థము. పిదప బేరు, ఉద్యోగము, పుట్టినయూరు, మృతిదినము, వయస్సు. ఉద్యోగపదములు తెలిసికొన్నవానికి శిల సగము చరిత్రమును జెప్పును. ఆ కంపెనీలో లెక్కలు వ్రాయువాడు “బూక్‌హౌడర్”; అతనిపై “ఓండర్‌కోప్‌మన్” అనగా జిన్నవర్తకుడు; ఆపై “కోప్‌మన్”; ఆపై “ఓపర్‌కోప్‌మన్” అనగా బెద్దవర్తకుడు. వర్తకశాల కధికారి “ఓపర్‌హోఫ్ట్”. తమ పూర్వుడు తూర్పుదేశమున గవర్నరని యింట జెప్పుకొను కుటుంబమువారు శిలపై “ఓండర్‌కోప్‌మన్” అను మాటను జదువుకొని పోవుటయు సంభవమే. శిల యింటివారి గొప్పలకు లొంగదు.

ఇందు వంశాన్వేషకులకు మిక్కిలి యుపకరించు విశేష మొకటి గలదు. ఆ కాలపు డచ్చిస్త్రీ వివాహమైన పిదపను బుట్టింటిపేరును విడువదు. కావున డచ్చిశిలపై భార్యపేరుతో నామె తండ్రివంశమును దెలియును. “ఫలానివాని ధర్మపత్ని” యను మాట దాని తరువాత వచ్చును. ఇంగ్లీషుశిలయం దట్లు గాదు. అందు స్త్రీ భర్తపేరుతోనే యడగిపోవును. ఒకే యూరిలో, ఒకే కాలమున, రెండు జాతులవారి శిలలను బ్రక్కప్రక్కన జదివినచో నీ భేదము వెంటనే కనబడును.

తేదీల విషయమునను నంతటి జాగ్రత్త యావశ్యకము. హాలండువారు 1583 నాటికే నూతన పంచాంగమును గ్రహించిరి. ఇంగ్లీషువారు 1752 వఱకును బాత పంచాంగమునే వాడిరి. పదునేడవ శతాబ్దమున రెంటికిని 10 దినములు, 1700 పిదప 11 దినములు భేదము. అనగా బందరులో నొక్కదినముననే యిరుజాతులవారు చెఱియొక శవమును బూడ్చినను, డచ్చిశిలపై 11 వ తేది యనియు నింగ్లీషుశిలపై 1 వ తేది యనియు నుండును. అంతియ కాదు. ఇంగ్లీషువారికి 1752 కు బూర్వము సంవత్సరాది మార్చి 25 వ తేది. వారి శిలపై 1680 ఫిబ్రవరి యని యున్నచో, మన లెక్క కది 1681. తండ్రి చనిపోయిన తరువాత నేడాదిన్నరకు గుమారుడు పుట్టెనని వంశవృక్షము వ్రాసికొని కలతపడినవారు ముందుగా నీ సంగతిని విచారింపవలెను.

శిలను జదువుట యిట్లుండగా, శిల యున్నచోటనే మనుష్యుడున్నాడని నమ్ముట మఱింత ప్రమాదము. ఇందులకు జెన్నపురికంటె మంచి తార్కాణము లేదు. ఇంగ్లీషువారి తొలి శ్మశానము కోటలో లేదు. కోటకు వెలుపల నల్లపట్టణమున, తరువాత న్యాయకళాశాల వెలసిన స్థలమున నుండెను. 1758 డిసెంబరు మొదలు 1759 ఫిబ్రవరి వఱకు ఫ్రెంచి సేనాని లాలీ కోటను ముట్టడించినపు డా యెత్తైన సమాధులు శత్రుసైనికులకు మఱుగుగా నుపకరించెను. ముట్టడి తొలగిన పిదప నింగ్లీషువారా కట్టడములను బడగొట్టి, పేర్లుగల పలకలను గోటలోనికి దెచ్చి సెంటుమేరీ దేవాలయము చుట్టును బఱచిరి. ఎముకలు మాత్రము పాతచోటనే యుండిపోయినవి. రెండు సమాధులను మాత్రము కూల్చలేదు. గవర్నరు ఎలిహూ యేలు బిడ్డది యొకటి, ఆయన భార్యకు మొదటిభర్తయైన జోసెఫు హిన్మర్సుది రెండవది. గవర్నరు బిడ్డ శిలక్రిందనే యున్నాడు. దేవాలయపు బ్రాంగణమున బేరుచదివి పువ్వులుంచి పోవు సంతతివారు తమ పూర్వుని యెముకలకు జాలదూరమున నిలిచియున్నారు.

మన్రోదొర కథయు నిట్టిదే. సర్ తామస్ మన్రో గవర్నరు పదవిని విడిచి స్వదేశమునకు బోవుటకు ముందు దత్తమండలములను మఱియొకసారి చూడవలెనని వచ్చి, 1827 జూలై 6 వ తేదిని బత్తికొండయందు గలరావలన మృతినొందెను. శరీరమును గుత్తికి గొనిపోయి కోటక్రింది శ్మశానమున బూడ్చిరి. 1831 లో నా యస్థులను జెన్నపురికి దెచ్చి సెంటుమేరీ దేవాలయమున నుంచిరి. కావున నొక్కమనుష్యునికి బత్తికొండలో మరణస్థలము, గుత్తిలో ఖననస్థలము, చెన్నపురిలో సమాధి. వెదకువాడు గవర్నరు గనుక నీ మూడును దెలిసినవి. అతని వెంటనున్న పరివారములో నెవ్వడైన నదే రోగముచే నదే వారమున మృతుడై యుండినచో, వాని కీ మూటిలో నొక్కటియైన లిఖితమై యుండునా? దేవాలయపు గోడలపై బిగించిన పలకలు చాలవఱకు సమాధులే కావు. సముద్రముపై గాని యుద్ధమున గాని మడిసినవారికి మిత్రులెత్తించిన జ్ఞాపికలు. వానిక్రింద నెవ్వరును లేరు.

కావున శిలయొక్కటియే ప్రమాణము గాదు. దానికి సాక్షి కావలెను. ఆ సాక్షి రెండువిధములు: శిలాలేఖనముల పట్టిక యొకటి, దేవాలయపు ఖననపుస్తకము రెండవది. అలెగ్జాండరు రీ 1897 లో మద్రాసు రాజధానిలోని డచ్చికంపెనీ స్మారకచిహ్నములపై బటములతో గూడిన గ్రంథమును బ్రకటించెను. జూలియన్ జేమ్సు కాటను 1905 లో జెన్నరాజధాని సమాధిలేఖనముల పట్టికను బ్రకటించెను. ఈయన 1904 లో జాతీయమహాసభ కధ్యక్షుడైన హెన్రీ కాటను కుమారుడు. నైజాము రాష్ట్రమునకు క్రాఫ్టనుదొర 1941 లో నట్టి పట్టికనే సిద్ధపఱచెను. ఎండవానలకు నరిగిపోయి, నేడు వట్టిరాయిగ మిగిలిన శిలలపైనుండిన యక్షరములు ఈ పుస్తకములందు జీవించియున్నవి. శిలకంటె గాగితమే చిరాయువగుట విపరీతముగ దోచును గాని, మన తామ్రశాసనముల విషయమున నిది క్రొత్త సంగతి కాదు. పట్టణమునకు బోయి కరగిన శాసనమెన్నియో నకళ్లరూపముననే మనకు దక్కినవి.

ఖననపుస్తకముల సంగతి యింతకంటె ముఖ్యము. కంపెనీ పురోహితులు తాము చేసిన బాప్తిస్మములను, వివాహములను, ఖననములను బుస్తకములం దెక్కించి, వాని నకళ్లను లండనుకు బంపుచుండిరి. చెన్నరాజధానికి సంబంధించిన యీ నకళ్లు 1698 మొదలుకొని నేడు బ్రిటిషు గ్రంథాలయమున నున్నవి. శిలపై నుండునది మరణదినము. పుస్తకమున నుండునది ఖననదినము. ఉష్ణదేశము గాన రెంటికిని సాధారణముగ నొక్కదినముకంటె నెడముండదు. అంతకు మించి యెడమున్నచో జదువుటలో బొరపాటున్నదని యనుమానింపవచ్చును. శిల పెట్టించుటకు ధనము లేని సోల్జరుకును బుస్తకమున నొక్కపంక్తి యుండును. అదియే దాని గొప్ప. 1976 లో నింగ్లండున దక్షిణాసియా శ్మశానముల రక్షణకై యొక సంఘమును, 1998 లో బ్రిటిషిండియాకుటుంబముల చరిత్రకై మఱియొక సంఘమును నేర్పడి, యీ శిలలను బుస్తకములను బోల్చి సూచికలు వ్రాయుచున్నవి. మొదటి సంఘమువారి పత్రికకు “చౌకీదారు” అని పేరు. శ్మశానమును గాచు చౌకీదారుడే వెదకువారికి దొలి గురువు గాన నీ పేరు తగియున్నది.

బందరును దలచినప్పుడెల్ల 1864 నవంబరు 1 వ తేది రాత్రి జ్ఞప్తికి రాకమానదు. గాలివానతో సముద్రము పొంగి పట్టణముపై బడగా సుమారు 30,000 మంది మృతినొందిరి. అంతకు బూర్వము రెండువందల యేండ్లలో జనిపోయిన వర్తకులలో నెందఱికో మన మిప్పటికిని బేరు చెప్పగలము. ఆ యొక్కరాత్రి పోయినవారిలో బేరు చెప్పదగినవా రెందఱు? వారిలో మిక్కిలి యధికభాగము తెలుగువారు. కాల్చుటకు గట్టెలు లేక, పూడ్చుటకు మనుష్యులు లేక యున్న యా దినములలో శిలల నెత్తువా రెవరు?

ఇక వంశాన్వేషకులు తఱుచుగా నిలిచిపోవు స్థలమునకు వత్తము. తండ్రి దొరకును, తల్లి దొరకదు. కంపెనీ సైనికులును గుమాస్తాలును నీ దేశపు స్త్రీలతో గాపురము చేసిరి. ఇది రహస్యముగ జరిగినది కాదు. 1687 లో లండనునందలి డైరెక్టర్లే చెన్నపురికి వ్రాయుచు, సైనికు లీదేశపు స్త్రీలను బెండ్లాడుటను బ్రోత్సహింపవలెననియు, బాప్తిస్మము పొందిన ప్రతిబిడ్డకును దల్లికొక వరహా నీయవలెననియు నాజ్ఞాపించిరి. ఆ వరహాను బుచ్చుకొన్న తల్లి పేరేమి? బాప్తిస్మపుస్తకమున దండ్రిపేరు, రెజిమెంటు, బిడ్డపేరు నుండును. తల్లికి బదులుగ “దేశీయస్త్రీ” యను మాటయే తఱుచు. కొన్నిచోట్ల మతము పుచ్చుకొన్నప్పటి మేరీయో, యెలిజబెత్తో యుండును. ఆమె యింటిపేరు, కులము, గ్రామము నుండవు. మరణించినప్పు డామె క్రైస్తవురాలు గానిచో బుస్తకమునకే యెక్కదు. అట్లు లండనులోనో మెల్బోర్నులోనో కూర్చుండి వంశవృక్షమును గీయువాని కొకవైపు కొమ్మలు పది తరములు సాగి, రెండవవైపు మొదటి యడుగుననే తెగిపోవును. ఆ తెగినచోట నున్నది తఱుచుగ మన తెలుగు పడుచు.

ఆమె కొఱకు శ్మశానమున వెదకుట వ్యర్థము. వెదకవలసినది మరణశాసనములలో. కంపెనీయుద్యోగులు తమ వీలునామాలలో బిల్లల తల్లికి నెలకిన్ని రూపాయలో వరహాలో యియ్యవలెననియు, ఆమె యున్న యిల్లు నామెకే చెందవలెననియు వ్రాసి, యచ్చట నామె పేరును జెప్పుదురు. ధనము చెల్లింపవలసివచ్చినపుడు పేరు వ్రాయక తీఱదు గదా! చనిపోయినవాని సామాను వేలమువేసిన పట్టికలయందును గొన్నవారి పేర్లలో నప్పుడప్పు డామె కనబడును. ఇంగ్లీషు గుమాస్తా చెవికి బట్టినట్లు వ్రాసిన యా తెలుగుపేర్లను విడదీసి చదువుట తెలుగెఱిగినవాని పని; పరదేశపు టన్వేషకునకు సాధ్యము గాదు. మన పరిశోధకులీ సాయమును జేయుదురేని, దొరల వంశములకంటె మన స్త్రీల చరిత్రమునకే యెక్కువ మేలు.

ధనికులలో నైనను నీ తల్లులను జేరుట కుత్తరములే దారియైనవి గాని శిలలు గాలేదు. హైదరాబాదు రెసిడెంటుగా నుండిన జేమ్సు అకిలీసు కర్కుపాట్రికు ఖైరున్నిసా బేగమును బెండ్లాడెను. ఇరువురు బిడ్డలను 1805 లో నింగ్లండునకు బంపిరి. ఆ యేటనే అక్టోబరులో దండ్రి కలకత్తాలో జనిపోయెను. తల్లి 1813 లో హైదరాబాదున జనిపోయెను. బిడ్డలు తల్లిని మఱల జూడలేదు. కుమార్తె కిట్టీ పెద్దదై, కార్లయిలు పండితుని పరిచయములలో జేరి, గృహిణియైన పిమ్మట, మధ్యవయస్సున గాని హైదరాబాదులో నింకను బ్రతికియున్న తన యమ్మమ్మతో నుత్తరములు నడపుటకు వీలుగలుగలేదు. ఆమె 1889 వఱకు జీవించియు నీ దేశమునకు మఱల రాలేదు. సాహెబుబేగమని పిలువబడిన పిల్ల కిట్టీయై పోయిన పిదప, తన మొదటిపేరు నెఱిగిన మనుష్యు లెచ్చటనున్నారో యామెకు జాబులవలననే తెలిసినది.

సంతతి లేనివారికి సమాధి నెవరు వెదకుదురు? ఈ ప్రశ్నకు మన దేశమే చక్కని యుత్తరము నిచ్చినది. నిజాము సేనాని రేమండు 1798 మార్చి 25 వ తేదిని మృతినొందెను. హైదరాబాదున నతని నల్లరాతి స్తంభముపై “జె. ఆర్.” అను రెండక్షరములు తప్ప నేమియు లేదు. అయినను హిందువులు మూసారాముడనియు, మహమ్మదీయులు మూసారహీమనియు బిలిచి యచ్చట దీపములు పెట్టుచుండిరి. ఆ సమాధియొద్ద నున్న మంటపము 2001 లో గూలగా మఱల నిలిపిరి. సి. పి. బ్రౌను వివాహము చేసికొనలేదు. 1884 డిసెంబరు 12 వ తేదిని లండనులో మరణించి కెన్సల్ గ్రీన్ శ్మశానమున నున్నాడు. అచ్చటికి బోయి శిలను వెదకికొనువారు తెలుగువారే. ధవళేశ్వరపు టానకట్టను గట్టిన ఆర్థరు కాటనునకు సంతతి గలదు. 1899 లో మృతుడై డార్కింగు శ్మశానమున నున్న యాయనకు గోదావరీతీరమున దిలోదకము విడుచువారు నున్నారని ప్రసిద్ధి. వంశము రక్తమువలననే యేర్పడదని వీరి నడవడి చెప్పుచున్నది.

మన తెలుగుక్రైస్తవుల సంగతి వేఱు. విశాఖపట్టణమున 1805 లోను, బందరున 1841 లోను, గుంటూరున 1842 లోను మతబోధకులు పని నారంభించిరి. దొరల సమాధులు పలకలతో నున్నవి. పల్లెలలోని విశ్వాసుల సమాధులు మట్టిదిబ్బలు, వానిపై గొన్నాళ్లు నిలుచు కఱ్ఱసిలువ. కాటను పట్టికకు “చరిత్రప్రాధాన్యము గల” సమాధులనియే పేరు. ఆ పేరుతోనే పల్లెదొడ్లు వెలియైనవి. కాని పల్లెదేవాలయములలో దెలుగున వ్రాసిన ఖననపుస్తకములు గలవు. ఇంగ్లీషుపుస్తకములవలె వీనికి లండనున నకలు లేదు. చెదలు పట్టిననాడు వాని యందలివారు మఱల దొరకరు. పరదేశపు సమాధులకు జూపు శ్రద్ధలో నాలవవంతు వీని నకలు వ్రాయుటకు జూపినను జాలును. కరవుకాలములలోని పుటలను ముందుగా వ్రాయించుట మేలు. ఏ పల్లెలో నెందఱు పోయిరో పేర్లతో నెఱుగుట కింతకంటె దగ్గఱి సాక్ష్యము లేదు.

కడపట, మనవారే పరదేశులై వచ్చి వెదకు సందర్భ మొకటి గలదు. 1860 లో “ట్రూరో” యను నోడ చెన్నపురినుండి బయలుదేరి నవంబరు 16 వ తేదిని నేటాలునకు జేరినది మొదలు 1911 వఱకు 1,52,184 మంది కూలికట్టుబాటుపై నచ్చటికి బోయిరి. వారిలో దెలుగువా రనేకులు. 1931 లో వారి సంతతివారు దక్షిణాఫ్రికాలో నాంధ్రమహాసభను స్థాపించుకొనిరి. ఆ సంతతివారు నేడు శ్రీకాకుళము, విజయనగరము, చిత్తూరు ప్రాంతముల గ్రామములకు వచ్చి ముత్తాత తండ్రి సమాధి యేదని యడుగుదురు. గ్రామస్థులు చెఱువుగట్టు క్రింది వల్లకాటిని జూపుదురు. అచ్చట శిల లేదు, ఎన్నడును లేదు.

వారి చేతనున్నది యోడపట్టిక నకలు. అందు సంఖ్య, పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, శరీరముపైని గుఱుతులు నుండును. ఇంటిపేరు మాత్రముండదు, గుమాస్తా యడుగలేదు. నేటాలున దండ్రిపేరే యింటిపేరై నిలిచినది, లేదా నాయుడనియు రెడ్డియనియు మిగిలినది. కావున గ్రామమున నింటిపేరు చెప్పుడని యడిగినచో వారు చెప్పలేరు. జిల్లా పేరును నమ్మి వెదకుటయు గష్టమే. పట్టికలో విశాఖపట్టణమని యున్న గ్రామము 1950 లో శ్రీకాకుళముజిల్లాలోనో, 1979 లో విజయనగరముజిల్లాలోనో, 2022 లో నేర్పడిన క్రొత్తజిల్లాలలోనో చేరియుండవచ్చును. తాలూకా పేరును బట్టి పోవుట మేలు.

అట్టివారికి శ్మశానముకంటె నుపకరించునది యినాముపుస్తకము. చెన్నరాజధానిలో 1858 లో నేర్పడిన యినాముకమీషనువారు గ్రామగ్రామమునను నినాముభూమి ననుభవించువాని పేరు, అతనికది యెట్లు సంక్రమించెనో ఆ వివరములు, భూమి పరిమాణము పుస్తకములం దెక్కించిరి. ఇవి బ్రాహ్మణుల యగ్రహారములకే కావు. వెట్టివాడు, చాకలి, మంగలి, కుమ్మరి మొదలగు గ్రామసేవకుల మాన్యములును నిందు జేరినవి. ఓడ నెక్కినవారిలో నట్టి కుటుంబములవారు నుండిరి. 1860 వ దశాబ్దమున నోడపట్టికలో దండ్రిపేరుగ వ్రాయబడినవాడు, అదే దశాబ్దమున నదే గ్రామమున మాన్యదారుగ నినాముపుస్తకమున నుండిన నుండవచ్చును. రెండు పుస్తకములను నొకచోట బెట్టి యొక్క తాలూకాకైనను బోల్చి చూచుట యిద్దఱు ముగ్గురు పూనినచో గొలది సంవత్సరములలో గాదగిన పని.